నడక వచ్చింది, మూత్రం రాలేదు: తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడి వెన్ను గాయం, 14 నెలల కేసు

రోగి 38 ఏళ్ల గీత కార్మికుడు. వానాకాలంలో ఒక పొద్దున కల్లు దించుకొని వస్తుంటే తడిసిన మొద్దు మీద మోకు జారింది. సుమారు 25 అడుగుల ఎత్తు నుంచి ముందు కాళ్ల మీద, ఆ వెంటనే పిర్రల మీద పడ్డాడు. స్పృహ పోలేదు. నడుములో భరించలేని నొప్పి, కాళ్లు ఉన్నాయో లేవో తెలియని స్థితి. 14 నెలల తర్వాత ఇతను రెండు చేతి కర్రలతో, పాదాలకు స్ప్లింట్లు కట్టుకొని ఊళ్లో నడుస్తున్నాడు. మూత్రం మాత్రం రోజుకు ఐదారుసార్లు క్యాథటర్‌తోనే తీసుకుంటున్నాడు. ఇకముందూ అంతే. ఈ మధ్యలో, ఏడో నెలలో, రెండు కిడ్నీలూ దెబ్బతినే దాకా వెళ్లాడు. కాళ్లు వచ్చాయి కాబట్టి మూత్రం కూడా వచ్చేసినట్టే అని ఇంటిల్లిపాదీ నమ్మడమే దానికి కారణం. ఈ కేసును వివరంగా రాయడం అందుకే.

గోప్యత కోసం ఒకే తరహా గాయాలతో వచ్చినవారి వివరాలను కలిపి ఒక్క రోగిగా రాశాం. వయసు, ఊరు, కుటుంబం ఆనవాళ్లు మార్చాం.

దెబ్బ ఎక్కడ తగులుతుంది, ఎందుకు

ఎత్తు నుంచి కాళ్ల మీద పడితే బలం మడమల నుంచి తుంటికి, అక్కడి నుంచి వెన్నులోకి ఎక్కుతుంది. ఛాతీ భాగంలోని వెన్నుపూసలు పక్కటెముకల పంజరంతో బిగుసుకొని ఉంటాయి. నడుములోని పూసలు వంగుతాయి, తిరుగుతాయి. బిగుసుకున్న భాగం, కదిలే భాగం కలిసే చోటు డి12–ఎల్1, అంటే ఛాతీ పూసల్లో చివరిదైన పన్నెండోది, నడుము పూసల్లో మొదటిది. చెట్లు, బావులు, పిట్టగోడ లేని డాబాల మీద నుంచి పడినవాళ్లలో ఎక్కువగా విరిగేది అక్కడే. పెద్దవాళ్లలో వెన్నుపాము సరిగ్గా ఎల్1–ఎల్2 దగ్గరే ముగుస్తుంది. ఆ కొసను కోనస్ అంటాం. మూత్రాశయం, మలద్వారం, లైంగిక శక్తిని నడిపే ఎస్2, ఎస్3, ఎస్4 భాగాలు ఆ కొసలోనే ఉంటాయి. తొడలను, మోకాళ్లను కదిలించే నరాలు మాత్రం అప్పటికే వెన్నుపాము నుంచి బయటికొచ్చి, కోనస్ పక్కనుంచి కిందికి దిగుతుంటాయి.

ఈ కేసు మొత్తానికి కీలకం ఇదే. పక్కనుంచి దిగే నరాల వేర్లు చేతుల్లో, కాళ్లలో ఉండే నరాల జాతివి. నలిగినా నెలల తరబడి నెమ్మదిగా కోలుకునే గుణం వాటికి ఉంది. కోనస్ అసలు వెన్నుపామే, దానికి ఆ గుణం చాలా తక్కువ. కాబట్టి డి12–ఎల్1 గాయంలో తొడల బలం తిరిగివచ్చి, మూత్రాశయం రాకపోవడం వింతేమీ కాదు. కాళ్లను చూసి మూత్రాశయం సంగతి ఊహించకూడదని మొదటి రోజే చెప్పవచ్చు, చెప్పాలి.

ఊరి నుంచి ఆసుపత్రి దాకా

పడిన చోటు నుంచి ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద పట్టుకొని లేపారు. ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. ప్రేమతో చేసిన పనే అయినా, విరిగి పక్కకు జరిగిన వెన్నుకు ఇంతకంటే హాని చేసేది లేదు. చంకల కింద, మోకాళ్ల కింద ఎత్తితే నడుము సరిగ్గా విరిగిన చోటే మడతపడుతుంది. ఆటోలో కూర్చోబెడితే ఒంటి బరువంతా ఆ పూస మీదే పడుతుంది.

చేయాల్సింది ఇది. ఊపిరాడుతోందా, రక్తం కారుతోందా చూడాలి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా కదపకుండా ఉంచాలి. కదపక తప్పని చోట, ఉదాహరణకు నీళ్లలోనో తీగల కిందో పడితే, తలుపు రెక్కో బల్లో తెచ్చి పక్కన పెట్టాలి. ఒకరు తలను రెండు చేతులతో పట్టి, మెడ నడుముతో పాటు ఒకే గీతలో ఉండేలా చూడాలి. ముగ్గురు ఒకే పక్కన మోకాళ్ల మీద కూర్చొని భుజం, తుంటి, పిక్క దగ్గర పట్టుకోవాలి. తల పట్టుకున్నవాళ్లు లెక్కపెట్టి చెప్పగానే అందరూ ఒక్కసారే పక్కకు దొర్లించాలి. అయిదో మనిషి బల్లను కిందికి జరపాలి. నోటికి నీళ్లు పోయొద్దు. వెన్ను గాయంలో పేగులు గంటల్లోనే కదలడం మానేస్తాయి, వెల్లకిలా ఉన్నవాళ్లకు వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆసుపత్రికి చేరగానే ఆ బల్లను తీసేయడమూ అంతే ముఖ్యం. గట్టి బల్ల మోయడానికే, పడుకోబెట్టడానికి కాదు. స్పర్శ లేని మనిషికి రెండు గంటల్లో త్రికం (నడుము కింద, పిర్రల మధ్య ఉండే ఎముక) మీద పుండుకు బీజం పడుతుంది.

ఎమర్జెన్సీలో

మా దగ్గరికి వచ్చేసరికి పడి తొమ్మిది గంటలైంది. అంతకుముందు చూపించిన చోట ఎక్స్‌రేలు తీసి, కుడి మడమ ఎముక విరిగిందని మోకాలి కింది దాకా పిండికట్టు వేసి పంపారు. బీపీ 94/60, నాడి 116, చేతులు చల్లగా ఉన్నాయి.

కాళ్లు కదలని రోగికి బీపీ తక్కువగా ఉంటే వెన్ను దెబ్బ వల్లే అనుకొని వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. వెన్ను దెబ్బ వల్ల వచ్చే షాక్‌లో నాడి నెమ్మదిస్తుంది, చర్మం వెచ్చగా ఉంటుంది, దెబ్బ సాధారణంగా డి6 పైన ఉంటుంది. ఇతనికి దెబ్బ డి12 దగ్గర, నాడి పరుగు, చేతులు చల్లన. ఇది రక్తం పోవడమే. అల్ట్రాసౌండ్‌లో ఎడమ ఛాతీలో రక్తం కనిపించింది, రెండు పక్కటెముకలు విరిగాయి. 28 సైజు ఛాతీ గొట్టం వేస్తే 650 మి.లీ. వచ్చింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించాక బీపీ 118/74కు చేరింది. తర్వాత ఐదు రోజులు సగటు రక్తపీడనాన్ని 85 కంటే తగ్గకుండా చూశాం. రెండు రాత్రులు బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ అవసరమైంది. వాచిన వెన్నుపాముకు రక్తం అందాలంటే కాపాడుకోవాల్సిన సంఖ్య అదే.

మిథైల్‌ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వలేదు. కిలోకు 30 మి.గ్రా. ఒక్కసారిగా, ఆపైన 23 గంటలు గంటకు కిలోకు 5.4 మి.గ్రా. చొప్పున ఇచ్చే పద్ధతి 1990లో వచ్చింది. దాన్ని సమర్థించేవాళ్లు కూడా దెబ్బ తగిలిన 8 గంటల లోపే అంటారు. ఇతనికి ఆ సమయం దాటింది, పైగా ఛాతీ గాయం ఉంది. ఈ మందు వల్ల న్యుమోనియా, పేగుల్లో రక్తస్రావం, గాయం చీము పట్టడం పెరుగుతాయి. ‘నరాల ఇంజెక్షన్ ఎందుకు వేయలేదు’ అని బంధువులు కోపంగా అడుగుతారు. కూర్చోబెట్టి కారణం చెప్పాలే గానీ వాళ్ల తృప్తి కోసం ఇవ్వకూడదు.

వేలితో చేసే పరీక్ష

స్కాన్ల కంటే ముందు, స్కాన్ల కంటే ఎక్కువగా, భవిష్యత్తును చెప్పేది మంచం పక్కన చేసే పరీక్ష. రెండు పక్కలా 28 చోట్ల దూదితో, సూదితో స్పర్శ చూశాం. చేతుల్లో, కాళ్లలో పక్కకు పది కండరాల బలాన్ని సున్నా నుంచి అయిదు దాకా రాశాం. స్పర్శ ఎల్1 వరకు మామూలుగా ఉంది. తుంటిని వంచే కండరం (ఎల్2) కుడివైపు 1, ఎడమవైపు 2. మోకాలు చాచేది, పాదం ఎత్తేది, బొటనవేలు లేపేది, పాదం నొక్కేది అన్నీ సున్నా.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. గ్లవ్ వేసుకున్న వేలిని మలద్వారంలో పెట్టి గోడను నొక్కితే ‘తెలుస్తంది సార్’ అన్నాడు. బిగించమంటే బిగించలేకపోయాడు. ఆ ఒక్క జవాబుతో గాయం ‘పూర్తిగా తెగిన’ ఏ గ్రేడు నుంచి, స్పర్శ మిగిలిన బి గ్రేడుకు మారింది. మూడో రోజు మళ్లీ చూస్తే మలద్వారం ఎడమపక్క సూది గుచ్చిన తేడా కూడా తెలిసింది. బి గ్రేడులో దూది స్పర్శ మాత్రమే మిగిలినవాళ్ల కంటే, సూది నొప్పి తెలిసేవాళ్లకు కండరాల బలం వచ్చే అవకాశం మెరుగు. బిడియం వల్లనో హడావుడి వల్లనో ఈ పరీక్ష మానేసిన కేసు కాగితాల్లో ‘పారాప్లీజియా’ (రెండు కాళ్లు చచ్చుబడటం) అనే ఒక్క మాటే ఉంటుంది. ఆ మాట మీద ఏ నిర్ణయమూ నిలబడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బల్బోకావర్నోసస్ రిఫ్లెక్స్ (అంగం కొస నొక్కితే మలద్వారం తనంతట తాను బిగుసుకోవడం) తిరిగివస్తే వెన్ను షాక్ (దెబ్బ తగిలిన కొత్తలో దాని కింది రిఫ్లెక్స్‌లు ఆగిపోయే దశ, బీపీ పడిపోయే షాక్ వేరు) ముగిసిందని, అప్పటి పరీక్షే లెక్క అని పుస్తకాల్లో చదువుకుంటాం. కోనస్ గాయంలో ఆ రిఫ్లెక్స్ నడిచే దారే దెబ్బతింటుంది కాబట్టి అది ఎప్పటికీ రాకపోవచ్చు. ఇతనికి 14 నెలలకూ రాలేదు. దాని కోసం ఎదురుచూసి ఉంటే గ్రేడు ఏనాటికీ రాసి ఉండేవాళ్లం కాదు.

స్కాన్లు, ఆపరేషన్

మొత్తం వెన్నుకు సీటీ తీశాం. ఒకచోట విరిగినవాళ్లలో కొందరికి దూరంగా మరో పూస కూడా విరిగి ఉంటుంది. కింది నొప్పి తీవ్రతలో పై నొప్పి మరుగునపడుతుంది. ఇతనికి ఎల్1 పగిలి, ముక్కలు వెన్నుపాము ఉండే నాళంలోకి చొచ్చుకొచ్చి 60 శాతం మూసేశాయి. డి12 దాని మీద 6 మి.మీ. ముందుకు జరిగింది. ఎంఆర్‌ఐలో వెనక లిగమెంట్లు తెగాయి, కోనస్‌లో వాపుతో పాటు చిన్న రక్తపు మచ్చ ఉంది. వాపు తగ్గుతుంది. రక్తపు మచ్చ ఉన్నచోట మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. వెన్ను గాయం తీవ్రతకు మార్కులు వేసే టిఎల్ఐసిఎస్ లెక్కలో జరిగిన పూసకు 3, తెగిన లిగమెంట్లకు 3, అసంపూర్ణ గాయానికి 3, మొత్తం 9. నాలుగు దాటితే ఆపరేషన్ వైపే మొగ్గు.

పడిన 22వ గంటలో ఆపరేషన్ మొదలైంది. బోర్లా పడుకోబెట్టి ఛాతీ, తుంటి కింద దిండ్లు పెట్టి పొట్టను గాలిలో వదిలారు. పొట్ట నొక్కుకుంటే వెన్ను చుట్టూ ఉన్న సిరలు ఉబ్బి రక్తం ఆగదు. డి10, డి11లలో 5.5 మి.మీ., ఎల్2, ఎల్3లలో 6.5 మి.మీ. స్క్రూలు, వాటిని కలుపుతూ 5.5 మి.మీ. టైటానియం రాడ్లు. ఎల్1 వెనక కప్పు ఎముక నిలువుగా చీలి ఉంది. ఇలా చీలినచోట లోపలి పొర చిరిగి, నరాల వేర్లు ఆ సందులో ఇరుక్కొని ఉండవచ్చు. తెలియకుండా ఎముక లాగితే వాటినీ లాగేసినట్టే. పక్కల నుంచి పలచగా చేసుకుంటూ తీస్తే నిజంగానే రెండు వేర్లు బయటికొచ్చి ఉన్నాయి. వాటిని లోపలికి సర్ది పొరకు కుట్లు వేశారు. పోయిన రక్తం 700 మి.లీ.

ఆపరేషన్ చేసింది వెన్నును నిలబెట్టడానికి, నొక్కుడు తీయడానికి. తెగిన వెన్నుపామును అతికించే ఆపరేషన్ ఏదీ లేదు. ‘రాడ్లు వేశారు కదా, ఎప్పుడు నడుస్తాడు’ అనే ప్రశ్న ఈ తేడా చెప్పకపోవడం వల్లే వస్తుంది.

మడమ

పిండికట్టు గురించి ముందే రాశాం. స్పర్శ లేని కాలికి వేసిన గట్టి కట్టు లోపల ఒత్తిడి పడితే రోగికి తెలియదు, మనకు కనపడదు. వచ్చిన రెండో రోజు కట్టు విప్పితే కుడి మడమ వెనక 3 × 2 సెం.మీ. నల్లమచ్చ. ఎండిపోయి, చుట్టూ ఎరుపు, చీము లేకుండా ఉన్న మడమ మీది నల్లపొరను కోసి తీయకూడదు. అదే కింది కణజాలానికి కప్పు. పొడిగా ఉంచి, పిక్క కింద దిండు పెట్టి మడమను గాలిలో తేలేలా ఉంచాం. కట్టు బదులు మెత్తటి పొర ఉన్న, రోజూ విప్పి చూడగలిగే స్ప్లింట్ వాడాం. పొర ఊడి చర్మం మూసుకోవడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఇతని నడకను వెనక్కి నెట్టింది వెన్ను కాదు, ఈ మచ్చే.

త్రికం మీద కూడా మొదటి స్థాయి ఎరుపు కనిపించింది. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి 30 డిగ్రీలు పక్కకు తిప్పడం, దుప్పటి ముడతలు లేకుండా చూడటం, తడి వెంటనే తుడవడం తప్ప వేరే మందు వాడలేదు, నాలుగు రోజుల్లో తగ్గింది. గాలి నింపిన రింగు, టైరు ట్యూబు తెచ్చి పిర్రల కింద పెడతారు. అవి వద్దు. నడుమ ఖాళీ ఉన్నా, రింగు అంచు చుట్టూ రక్తప్రసారాన్ని ఆపి మధ్యలో చర్మాన్ని ఉబ్బిస్తుంది. ఎయిర్ బెడ్ కొన్నా తిప్పడం మానకూడదు.

రక్తం గడ్డకట్టకుండా ఆపరేషన్ అయిన 48 గంటలకు ఎనాక్సాపరిన్ 40 మి.గ్రా. రోజుకోసారి మొదలుపెట్టి, మూడో నెల దాకా కొనసాగించాం. పిక్కల చుట్టుకొలత రోజూ టేపుతో కొలిచి రాయడం నర్సింగ్ పనిలో భాగం. స్పర్శ లేనివాళ్లకు కాలు వాచిందనే ఫిర్యాదు ఉండదు.

మూత్రం

1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వెన్ను గాయాల వార్డు తెరిచేనాటికి, కాళ్లు చచ్చుబడిన సైనికుల్లో ఎక్కువమంది చనిపోయింది పుండ్ల వల్ల, మూత్రం చీము పట్టడం వల్ల. తిప్పడం, మూత్రాశయాన్ని వేళకు ఖాళీ చేయడం అనే రెండు పనులతోనే ఆ లెక్క మారింది. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ మరో అడుగు వేశారు. గొట్టం స్టెరైల్ కాకపోయినా, శుభ్రంగా ఉండి, మూత్రాశయం ఉబ్బకముందే ఖాళీ అయితే చాలని చూపించారు. ఇన్ఫెక్షన్‌ను తెచ్చేది గొట్టం కంటే నిలవ ఉండి సాగిన మూత్రాశయమే అన్నది ఆయన వాదన. మన ఊళ్లలో ఇంటి బాత్రూములో క్యాథటర్ వేసుకోగలుగుతున్నారంటే దాని చలవే.

ఇతనికి మొదట 16 సైజు ఫోలీ (లోపలే ఉంచేసే క్యాథటర్) వేశాం. సెలైన్లు ఆగి, రోజు మూత్రం రెండు లీటర్ల లోపుకు వచ్చాక, తొమ్మిదో రోజు తీసేశాం. చేతులు బాగున్న మనిషి కాబట్టి మొదటి నుంచీ అతని చేతే వేయించాం. భార్య నేర్చుకుంది గానీ వేసేది ఆమె కాదు. ఈ పని భార్య మీద పడితే ఇద్దరి మధ్య బంధం నర్సు–పేషెంటు బంధమైపోతుంది.

పద్ధతి ఇది. తాగే నీళ్లు రోజు మొత్తానికి 1.8 నుంచి 2 లీటర్లు, గంటకు ఇంతని పంచుకొని, రాత్రి ఎనిమిది తర్వాత తగ్గించి. ప్రతి నాలుగు నుంచి ఆరు గంటలకు 12 సైజు ప్లెయిన్ క్యాథటర్. చేతులు, అంగం కొస సబ్బుతో కడగాలి. గొట్టం కొసకు 10 సెం.మీ. మేర జెల్లీ రాయాలి. అంగాన్ని పొట్ట వైపు నిటారుగా ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే మూత్రనాళం వంపు దగ్గర గొట్టం గోడకు గుచ్చుకొని రక్తం వస్తుంది. నెమ్మదిగా తోస్తే 15–18 సెం.మీ. దగ్గర ఆగినట్టు అనిపిస్తుంది. అక్కడ బలంగా తోయకుండా, గాఢంగా ఊపిరి తీసి వదులుతూ కాసేపు ఆగాలి. మూత్రం రాగానే మరో రెండు మూడు సెంటీమీటర్లు. ధార ఆగాక కొంచెం కొంచెంగా బయటికి లాగుతూ, మధ్యలో మళ్లీ వస్తే ఆగాలి. అడుగున మిగిలేది అప్పుడే వస్తుంది. వచ్చింది కొలిచి నోటుబుక్కులో రాయాలి. ఒక్కసారికి 400 మి.లీ. దాటితే విరామం తగ్గించాలి. ప్రతిసారీ కొత్త గొట్టం ఉత్తమం. కొనలేనివాళ్లు సబ్బు నీళ్లతో లోపలా బయటా కడిగి, విదిలించి, పూర్తిగా ఆరబెట్టి, పొడి డబ్బాలో పెట్టుకోవాలి. తడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టడమే ఎక్కువగా జరిగే తప్పు.

జ్వరం, వణుకు, కొత్తగా లీకవడం లేకుండా మూత్రం కల్చర్‌లో క్రిములు కనపడినంత మాత్రాన యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. క్యాథటర్ వాడే చాలామందికి క్రిములు ఉంటాయి. ఇచ్చిన ప్రతిసారీ తర్వాతి క్రిమి మొండిదవుతుంది.

మలం విషయంలో కోనస్ గాయానికి వేరే లెక్క ఉంది. పై వెన్ను గాయాల్లో పనిచేసే, మలద్వారంలో పెట్టే బిసాకోడిల్ గుళికలు రిఫ్లెక్స్ మీద ఆధారపడతాయి. ఇతనికి ఆ రిఫ్లెక్స్ లేదు. మలద్వారం వదులుగా ఉంటుంది కాబట్టి మలం మెత్తబడితే కూర్చున్న చోటే జారుతుంది. అందుకే విరేచనం మందులు పెంచడం కాదు, మలం కాస్త గట్టిగా ఉంచి రోజూ ఒకే వేళకు వేలితో తీసుకోవాలి. పొద్దున చాయ్ తాగిన 20 నిమిషాలకు, కమోడ్ కుర్చీ మీద, గ్లవ్, జెల్లీతో. మూడు వారాల్లో పేగు ఆ వేళకు అలవాటుపడింది.

నడక

ఆపరేషన్ అయిన మూడో రోజు మంచం తల 30 డిగ్రీలు, ఐదో రోజు వెన్నును నిలబెట్టే టేలర్ బెల్టుతో కూర్చోవడం. బీపీ పడిపోకుండా పొట్టకు బైండర్. తర్వాత చేతుల బలం, మంచం నుంచి చక్రాల కుర్చీకి బల్ల మీద జరగడం. కుర్చీలో ప్రతి 20 నిమిషాలకు రెండు నిమిషాలు ముందుకు వంగి పిర్రల మీది బరువు తీయడం. చేతుల మీద లేవడం కొద్ది సెకన్లే చేయగలరు, కాబట్టి వంగడమే మేలు. కుర్చీలో కూర్చోవడం నేర్పే రోజే చర్మం చూసుకునే అద్దం చేతికిచ్చాం. ఎండకు కాలిన బండ, వేడి నీళ్ల బక్కెట్టు, ఒళ్లో పెట్టుకున్న వేడి అన్నం గిన్నె, ఇవన్నీ స్పర్శ లేని చర్మాన్ని కాలుస్తాయని ఇంట్లోవాళ్లకు విడివిడిగా చెప్పాం.

ఆరో వారంలో రెండు తొడల ముందు కండరాల్లో కదలిక మొదలైంది. మూడో నెలకు మోకాలు చాచే బలం ఎడమ 4, కుడి 3. ఈ 3 చాలా పెద్ద గీత. తొడ ముందు కండరం భూమ్యాకర్షణను ఎదిరించగలిగితే మోకాలు తాళం వేసే పెద్ద స్ప్లింట్లు వదిలి, చీలమండ స్ప్లింట్లతో నడవవచ్చు. మడమ మానాక, ఎముక అతికిందని ఎక్స్‌రే చూశాక, 12వ వారంలో పారలల్ బార్ల మధ్య నిలబెట్టాం. ఐదో నెలలో చేతి కర్రలు.

ఏడో నెల

నడక వచ్చిన నెలలోనే క్యాథటర్ తగ్గింది, ఆరో నెలకు మానేశాడు. ‘ఆయనంతట ఆయనే పోసుకుంటున్నడు సార్, పైపు ఏస్తే అదే అలవాటయితదని చెప్పిండ్రు’ అంది భార్య. మూత్రం నిజంగానే వస్తోంది, పొట్ట నొక్కితే కాస్త, దగ్గితే కాస్త, రాత్రి పక్క తడిసేంత. నిండి పొర్లడం అది, కోలుకోవడం కాదు. ఈ తేడా పట్టుకునే పరీక్ష ఏ చిన్న క్లినిక్కులోనైనా చేయవచ్చు. మూత్రం పోయమని, అయిపోయిందన్న వెంటనే క్యాథటర్ వేసి మిగిలింది కొలవాలి. ఇతనికి 450 మి.లీ. వచ్చింది.

వచ్చింది చలి జ్వరంతో, 103 డిగ్రీలతో. రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1. కండ తగ్గిన మనిషి కాబట్టి ఆ అంకె కూడా అసలు నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. ఫోలీ వేసి మూత్రాశయాన్ని ఖాళీగా ఉంచాం, కల్చర్ ప్రకారం ఏడు రోజులు సిరలోకి యాంటీబయాటిక్. మూడు వారాలకు క్రియాటినిన్ 1.0. ఆ తర్వాత మూత్రాశయం పీడనాన్ని కొలిచే యూరోడైనమిక్ పరీక్షలో మూత్రాశయం తనంతట తాను ముడుచుకోవడం లేదని, 350 మి.లీ. దాటేసరికి లోపలి పీడనం 40 సెం.మీ. నీటి మట్టం దాటుతోందని తేలింది. 40 దాటితే కిడ్నీల నుంచి మూత్రం దిగడం కష్టమవుతుంది. పొట్ట నొక్కి పోయడం ఆ పీడనాన్ని ఇంకా పెంచుతుంది, అందుకే దాన్ని పూర్తిగా మాన్పించాం. కొత్త పరిమితి ఒక్కసారికి 350 మి.లీ. మూత్రాశయం గోడ మెత్తబడటానికి ఆక్సీబ్యుటినిన్ 5 మి.గ్రా. రెండుపూటలా ఇచ్చాం. మలబద్ధకం తెస్తుంది కాబట్టి ఇసబ్‌గోల్ కలిపాం.

డిశ్చార్జి కాగితంలో ‘క్యాథటర్ వాడాలి’ అని రాసి ఉంది. అది సరిపోలేదు. నడక వచ్చినా మానొద్దు, మానాలంటే మిగిలిన మూత్రం 100 మి.లీ. లోపు ఉందని కొలిచి చూపించాకే, అని తెలుగులో పెద్దక్షరాలతో ఉండాలి. ఇప్పుడు కోనస్ గాయాల అందరి కాగితాల్లో ఆ వాక్యం మొదటి వరుసలో ఉంటుంది.

అడగని విషయాలు

పాదాల్లో మంట నాలుగో నెలలో పెరిగి నిద్ర పోగొట్టింది. ప్రెగాబాలిన్ రాత్రి 75 మి.గ్రా.తో మొదలుపెట్టి 150 రెండుపూటలా దాకా వెళ్లాం. సగం తగ్గింది, పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేదు. దాంపత్యం గురించి రోగి తనంతట అడగడు, భార్య అసలే అడగదు. వైద్యుడే ఎత్తాలి. కోనస్ దెబ్బతింటే తాకడం వల్ల వచ్చే స్పందన పోతుంది. ఆలోచన వల్ల వచ్చేది కొంత మిగలవచ్చు, ఆ దారి డి11–ఎల్2 నుంచి నడుస్తుంది. సిల్డెనాఫిల్ ఇతనికి కొంతే పనిచేసింది. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం అంతకంటే ఎక్కువ పనిచేసింది.

మళ్లీ తాడెక్కడం కుదరదని రెండో నెలలోనే సూటిగా చెప్పాం. ఆ మాటను వాయిదా వేస్తే కుటుంబం అప్పులు చేసి ఎదురుచూస్తుంది. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఆరో నెలలో చేయించాం. దాంతో ఆసరా పింఛను వచ్చింది, వికలాంగులకు తెలంగాణలో 2023లో అది నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు, 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలవడానికి కారణమయ్యారు. ఆమె సంగతి వార్డులో తరచూ చెబుతాం. కానీ ఇతన్ని కదిలించింది పక్క మంచం మీద ఉన్న, అయిదేళ్ల కిందట చెట్టు మీద నుంచే పడి ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతున్న మనిషి. పాత రోగులను కొత్త రోగుల దగ్గర కూర్చోబెట్టడానికి ఖర్చేమీ లేదు.

పడకుండా చూడటం గురించి కూడా ఒక మాట. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షక కవచం పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జారినా మనిషిని మొద్దుకు పట్టి ఉంచడమే వాటి పని. అవి ఇంట్లో మూలన ఉంటే లాభం లేదు, వాన పడి మొద్దు తడిసిన రోజు వాటి అవసరం మరీ ఎక్కువ.

14 నెలలకు

మోకాలు చాచే బలం రెండువైపులా 4. పాదం ఎత్తేది ఎడమ 3, కుడి 2. బొటనవేలు, పిక్క రెండూ 0–1. చీలమండ స్ప్లింట్లు, చేతి కర్రలతో ఆగకుండా 300 మీటర్లు. అంతకంటే దూరానికి చక్రాల కుర్చీ వాడుతున్నాడు, దాన్ని ఓటమిగా చూడొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. త్రికం, మడమ చర్మం బాగుంది. కిడ్నీల ఉబ్బు తగ్గింది. నోటుబుక్కులో గత నెల అంకెలన్నీ 250 నుంచి 340 మి.లీ. మధ్య ఉన్నాయి. అల్ట్రాసౌండ్, క్రియాటినిన్ ఆరు నెలలకోసారి, యూరోడైనమిక్ ఏడాదికోసారి.